కోర్ 2 డుయో పీ8600 పాత ల్యాప్‌టాపా, ఫ్యాన్ లేని జే1900 డబ్బానా? కిరాణా కొట్టు కౌంటర్‌కి ఏది?

గూడెం_గోపి | తాడేపల్లిగూడెం | శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. మా నాన్నగారి కిరాణా కొట్లో బిల్లింగ్ కంప్యూటర్ పోయింది. మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బిపోయాయి, బాగుచేయించడం దండగ అన్నారు. కొత్తది కొందామంటే నాన్న ఒప్పుకోవట్లేదు. "బిల్లు కొట్టడానికి ముప్పై వేలా?" అంటున్నారు. నా ముందు రెండు దారులున్నాయి.

మొదటిది మా అన్నయ్య ఇంజినీరింగ్‌లో వాడిన థింక్‌ప్యాడ్ టీ400 ల్యాప్‌టాప్. కోర్ 2 డుయో పీ8600 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్. బ్యాటరీ చచ్చిపోయింది, మిగతాదంతా బాగానే ఉంది. ఊరికే వస్తుంది.

రెండోది రాజమండ్రిలో పాత సామాను అమ్మే ఒకాయన దగ్గర చూశాను. ఫ్యాన్ లేని చిన్న ఇనప డబ్బా, ఒంటి నిండా గాడులు. సెలెరాన్ జే1900 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఎస్ఎస్‌డీ. వెనకాల నాలుగు కామ్ పోర్టులున్నాయి, అంటే సీరియల్ కేబుల్ గుచ్చేవి. ఏదో ఫ్యాక్టరీలో మెషీన్ పక్కన వాడి తీసేశారట. 3,500 చెబుతున్నాడు, బేరమాడితే 3,000కి ఇచ్చేలా ఉన్నాడు.

చేయాల్సిన పని: విండోస్ మీద బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, సీరియల్ కేబుల్‌తో ఎలక్ట్రానిక్ కాటా, థర్మల్ ప్రింటర్, బార్‌కోడ్ రీడర్, వాట్సాప్ వెబ్. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు నాన్నకి యూట్యూబ్‌లో పాత పాటలు. పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా ఆన్‌లోనే ఉండాలి.

నా డౌటు ఏంటంటే, రెండూ 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కలే. ఒకదానికి రెండు కోర్లు, ఇంకోదానికి నాలుగు. అంటే జే1900 రెట్టింపు స్పీడని అనుకోవచ్చా?


కడపోడు | కడప | శనివారం రాత్రి 9:31

గిగాహెర్ట్జ్ చూసి ప్రాసెసర్ కొనడమంటే కొమ్ముల పొడుగు చూసి గేదెను కొన్నట్టే అన్నా. పాలెన్నిస్తుందో చూడాల.


పాత_సిలికాన్ | హైదరాబాద్ | శనివారం రాత్రి 10:05

కడపోడు చెప్పింది వెటకారమే అయినా నిజం. గోపి గారూ, మీ కొట్టు లెక్కలోనే చెబుతా.

పీ8600 అంటే చెయ్యి తిరిగిన ఇద్దరు గుమాస్తాలు. ఒక్కొక్కరూ ఒకేసారి నాలుగు పొట్లాలు కట్టగలరు. జే1900 అంటే నలుగురు కుర్రాళ్లు. ఒక్కొక్కరిది రెండు పొట్లాల చెయ్యి. ఎనిమిదికి ఎనిమిది, లెక్క సరిపోయిందిగా అంటారేమో. చిక్కు అక్కడే ఉంది. మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ లాంటివి చాలావరకు ఒకే పొడుగాటి చీటీ పట్టుకొచ్చే ఖాతాదారు లాంటివి. ఆ చీటీని ఒకే గుమాస్తా మొదటి నుంచి చివరిదాకా చూడాలి. మిగతావాళ్లు ఎంతమంది ఉన్నా చేతులు కట్టుకుని నిలబడతారు.

ఇక అసలు వివరాలు. పీ8600 2008లో వచ్చింది, పెన్రిన్ కుటుంబం, 45 నానోమీటర్ల తయారీ (ఈ అంకె చిన్నదైతే కొత్త పద్ధతి). ఒక్కో కోర్ ఒక్కో టిక్కుకి, అంటే లోపలి గడియారం ఒక్కసారి కొట్టేలోపు, నాలుగు ఆదేశాల దాకా విప్పి చూడగలదు. 3 ఎంబీ ఎల్2 క్యాష్ (చిప్పు లోపలే ఉండే చిన్న, వేగమైన మెమరీ) రెండు కోర్లకూ ఉమ్మడి. ఒకటి ఖాళీగా ఉంటే రెండోది మొత్తం వాడుకుంటుంది. జే1900 2013 చివర్లో వచ్చింది, 22 నానోమీటర్లు. లోపలున్నవి సిల్వర్‌మాంట్ కోర్లు, అంటే పేరుకు సెలెరాన్ అయినా వంశం అటామ్‌ది (ఇంటెల్ వాళ్ల తక్కువ కరెంటు చిప్పుల వరస). టిక్కుకి రెండు ఆదేశాలే. రెండేసి కోర్లకు 1 ఎంబీ చొప్పున మొత్తం 2 ఎంబీ క్యాష్.

అటామ్ అనగానే 2008 నాటి నెట్‌బుక్కుల్లో ఏడిపించిన ఎన్270 గుర్తొచ్చి భయపడొద్దు. దాంట్లో క్యూలో ముందున్న ఆదేశం ర్యామ్ కోసం ఆగితే వెనకున్నవన్నీ ఆగాల్సిందే. వీలైనదాన్ని ముందుకు లాక్కుని చేయడం అటామ్ వంశానికి సిల్వర్‌మాంట్‌తోనే అబ్బింది. కోర్ 2కి అది పుట్టుకతో వచ్చిన విద్య.

ఇంకో మాట. పీ8600కి 2.4 అసలు స్పీడు. జే1900కి అసలు స్పీడు 2.0, అవసరమైనప్పుడు 2.42 దాకా ఎగబాకుతుంది.

కాబట్టి ఒక్క కోర్ పనిలో వయసులో పెద్దదైన పీ8600 గెలుస్తుంది. నాలుగు కోర్లనూ పనిలో పెట్టగలిగితే జే1900 ముందుకు వస్తుంది. రెట్టింపు మాత్రం కాదు.


గూడెం_గోపి | శనివారం రాత్రి 10:22

గుమాస్తాల లెక్క నాన్నకి చదివి వినిపించా. "అయితే ఆ ఇద్దరినే పెట్టుకో, జీతం తక్కువ" అన్నారు. అంటే ల్యాప్‌టాప్ ఖాయం చేసేయనా?


సాంబ_సర్వీస్ | గుంటూరు | శనివారం రాత్రి 11:40

తమ్ముడూ, తొందరపడకు. నేను పద్దెనిమిదేళ్లుగా ల్యాప్‌టాప్‌లు విప్పుతున్నా. ప్రాసెసర్ ఏదని నువ్వు అడుగుతున్నావు. అది కూర్చునే చోటు ఏదని నేను అడుగుతా.

కిరాణా కొట్లో గాలే వేరు. గోధుమపిండి, శనగపిండి, కారం, పసుపు. ల్యాప్‌టాప్ ఫ్యాను ఇవన్నీ పీల్చుకుని తీసుకెళ్లి రాగి గొట్టం చివరున్న సన్నటి రేకుల మధ్య కుక్కుతుంది. ఒకసారి పిండిమిల్లు ఓనరు ల్యాప్‌టాప్ విప్పితే ఫ్యానుకీ రేకులకీ మధ్య అట్టులా పేరుకుపోయి ఉంది. పొరలా ఊడదీశా. పీ8600 అయినా జే1900 అయినా చిప్పు లోపలి వేడిని ఒక హద్దు దాకా ఓర్చుకుంటుంది. కాకపోతే అంతకన్నా ముందే స్పీడు తగ్గించుకోవడం మొదలుపెడతాయి. ఫ్యాను మూసుకుపోతే నీ చెయ్యి తిరిగిన గుమాస్తా ఎండాకాలంలో కూర్చుని విసనకర్ర విసురుకుంటాడంతే.

డబ్బాకి ఫ్యానే లేదు కాబట్టి పీల్చే గొడవ లేదు. గాడుల మీద దుమ్ము పడితే గుడ్డతో తుడిచేయడమే.


పాత_సిలికాన్ | హైదరాబాద్ | ఆదివారం ఉదయం 7:15

సాంబ గారి మాటకి తిరుగులేదు. వేడి సంగతి వచ్చింది కాబట్టి అంకెలు కూడా చూద్దాం. పీ8600 పేరులోని పీ అక్షరం 25 వాట్ల తరగతికి గుర్తు. అదే కాలంలో వచ్చిన టీ9400, టీ9600 లాంటివి 35 వాట్లు. జే1900 10 వాట్లు.

చాలామంది 25ని 10తో పోల్చి ఊరుకుంటారు. అసలు తేడా అంతకన్నా పెద్దది. కోర్ 2 కాలంలో ర్యామ్‌ని నడిపేదీ, స్క్రీన్‌కి బొమ్మ పంపేదీ ప్రాసెసర్ కాదు, పక్కనుండే వేరే చిప్పు. టీ400లో అది జీఎం45, ఒక్కదానికే 12 వాట్లు. డిస్కు, యూఎస్‌బీలు చూసుకోవడానికి ఇంకో చిప్పు. జే1900లో ఇవన్నీ ఆ 10 వాట్లలోనే ఇమిడిపోయాయి, గ్రాఫిక్స్‌తో సహా.

ర్యామ్ దారి కూడా అంతే. పీ8600 ప్రతి బైటునీ 1066 ఫ్రంట్ సైడ్ బస్ (ఆ పక్క చిప్పుకి ఉన్న దారి) గుండానే తెచ్చుకోవాలి, సెకనుకి 8.5 జీబీకి మించి రాదు. జే1900కి డీడీఆర్3ఎల్ 1333 ర్యామ్ రెండు కడ్డీలుగా రెండు ఛానళ్లలో పెడితే కాగితం మీద 21.3 జీబీ. అమ్మేవాళ్లు మాత్రం ఒకే ర్యామ్ కడ్డీ పెట్టి అమ్ముతారు, అప్పుడు సగమే. డబ్బా కొంటే రెండో స్లాటు ఉందో లేదో చూడండి. రెండిటికీ పైహద్దు 8 జీబీయే.


కడపోడు | కడప | ఆదివారం ఉదయం 8:02

ఇంక కరెంటు బిల్లు నేను చెప్తా. రోజుకు 16 గంటలు, నెలకు 480 గంటలు. ల్యాప్‌టాప్ గోడ దగ్గర 30 వాట్లు లాగుతుందనుకుందాం, 14.4 యూనిట్లు. డబ్బా 12 వాట్లు, 5.76 యూనిట్లు. కొట్టు కనెక్షన్ కాబట్టి యూనిట్ 8 రూపాయలు వేసినా నెలకు 69 రూపాయలు మిగులు. మూడేళ్లన్నరలో డబ్బా డబ్బులు డబ్బానే కట్టేస్తుంది.


లక్ష్మి_నెట్‌వర్క్స్ | విశాఖపట్నం | ఆదివారం ఉదయం 8:40

కడప బ్రదర్, మానిటర్ ఎవరు నడుపుతారు? ల్యాప్‌టాప్ లెక్కలో స్క్రీన్ ఉంది. డబ్బాకి వేరే మానిటర్ కావాలి. చిన్న ఎల్ఈడీ మానిటర్ 15 వాట్లు వేసుకున్నా మొత్తం 27. అప్పుడు తేడా నెలకి ఒకటిన్నర యూనిట్, పన్నెండు రూపాయలు కూడా రావు.


కడపోడు | కడప | ఆదివారం ఉదయం 8:44

అబ్బా. గేదె సంగతి నేను చెప్తే నువ్వు దూడను పట్టుకొచ్చినావు అక్కా.


లక్ష్మి_నెట్‌వర్క్స్ | విశాఖపట్నం | ఆదివారం ఉదయం 9:10

:) వెనక్కి తీసుకోనవసరం లేదులే. పాత డెస్క్‌టాప్ మానిటర్ గోపి గారి దగ్గర ఎలాగూ ఉంటుంది, కాబట్టి దానికి డబ్బు పెట్టక్కర్లేదు. కరెంటు పొదుపును లెక్కలోకి తీసుకోవద్దంటున్నా, అంతే.

నా అనుభవం చెబుతా. మా ఆఫీసులో జే1900 డబ్బా ఒకటి నాలుగు ల్యాన్ పోర్టులతో రూటర్‌గా ఏళ్ల తరబడి నడిచింది. మొదట్లో లినక్స్ పెట్టినప్పుడు మాత్రం చుక్కలు చూపించింది. రెండు మూడు రోజులకోసారి ఉన్నట్టుండి బిగుసుకుపోయేది. స్క్రీన్ మీద ఎర్రర్ ఉండదు, లాగ్‌లో ముక్క ఉండదు, కీబోర్డు లైటు కూడా వెలగదు. ర్యామ్ మార్చాం, ఎడాప్టర్ మార్చాం. చివరికి తేలిందేంటంటే బే ట్రెయిల్ (జే1900 ఉన్న కుటుంబం) చిప్పులన్నిటికీ ఉన్న పేరుమోసిన జబ్బే అది. ఖాళీగా ఉన్నప్పుడు కోర్ గాఢనిద్రలోకి వెళ్లి, అందులోంచి లేవదు. లినక్స్ కర్నెల్ (లినక్స్ గుండెకాయ) బగ్ జాబితాలో 109051 నంబరుతో ఏళ్లపాటు సాగిన చర్చ అది. సీ-స్టేట్ (కోర్ నిద్ర లోతు) పరిమితి 1 అని బూట్ లైన్లో పెడితే ఆగిపోయింది, కాకపోతే కరెంటు కాస్త ఎక్కువ తాగింది. తర్వాతి కర్నెల్స్‌లో చాలావరకు సర్దుకుంది.

గోపి గారు పెట్టేది విండోస్ కాబట్టి ఇది మీకు తగలదు. ఎవరైనా ఇదే చిప్పు మీద లినక్స్ పెట్టి జుట్టు పీక్కుంటుంటే వాళ్ల కోసం రాశా.

ఇంకో లోటు. జే1900లో ఏఈఎస్ ఆదేశాలు (డేటాని గూఢలిపిలోకి వేగంగా మార్చేవి) లేవు. అదే తరం సిలికాన్‌తో ఎంబెడెడ్ (మెషీన్లలో అమర్చే కంప్యూటర్లు) వాళ్ల కోసం చేసిన అటామ్ ఈ3845లో ఉన్నాయి. పీ8600లో కూడా లేవు, ఆ కాలానికి ఇంకా పుట్టలేదు. వీపీఎన్ కావాలంటే వైర్‌గార్డ్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి, దానికి ఆ ఆదేశాలతో పని లేదు.


డల్లాస్_బాబాయ్ | డల్లాస్ | ఆదివారం ఉదయం 10:30

ఇక్కడ శనివారం అర్ధరాత్రి దాటింది, నిద్ర పట్టక చదువుతున్నా. ఎవరూ విండోస్ సంగతి ఎత్తలేదేంటి?

గోపీ, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11కి ఈ రెండు ప్రాసెసర్లూ అధికారిక జాబితాలో లేవు. దొడ్డిదారిన ఎక్కించేవాళ్లు ఉన్నారు, కానీ అక్కడ రెండిటికీ తేడా ఉంది. 24హెచ్2 అనే వెర్షన్ నుంచి ఎస్ఎస్ఈ4.2, పాప్‌కౌంట్ అనే ఆదేశాలు లేని ప్రాసెసర్ మీద విండోస్ 11 అసలు బూటే కాదు. పీ8600 ఎస్ఎస్ఈ4.1 దగ్గర ఆగిపోయింది. కిటుకులేవీ పనిచేయవు, తలుపు మూసేశారు. జే1900లో ఆ రెండూ ఉన్నాయి.

లినక్స్ వైపు కూడా ఇదే గీత. రెడ్‌హ్యాట్ లినక్స్ 9 ఆ ఆదేశాలు ఉండి తీరాలంటుంది, కోర్ 2 బయటే. 10కి వచ్చేసరికి ఏవీఎక్స్2 అనే ఆదేశాలు కూడా అడిగారు, అక్కడ జే1900 కూడా బయటికే. డెబియన్ అనే ఇంకో లినక్స్ మాత్రం రెండిటి మీదా నడుస్తుంది.

భద్రత విషయం ఒకటి. 2018లో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపాల గొడవ వచ్చినప్పుడు ఇంటెల్ పాత చిప్పులకు మైక్రోకోడ్ (చిప్పు లోపలి అప్‌డేట్) ఇవ్వడం మొదలుపెట్టి, ఆ ఏప్రిల్‌లో పెన్రిన్ లాంటి పాతవాటికి ఇక ఇవ్వబోమని చెప్పేసింది. డబ్బులు, జీఎస్టీ బిల్లులు తిరిగే మెషీన్ కాబట్టి ఇది గుర్తుపెట్టుకో.


పాత_సిలికాన్ | హైదరాబాద్ | ఆదివారం మధ్యాహ్నం 12:18

బాబాయ్ చెప్పినవన్నీ సరే. కానీ కిరాణా కౌంటర్‌కి మైక్రోకోడ్ భయం కాస్త ఎక్కువే. ఆ మెషీన్‌లో బ్రౌజర్ తెరవకపోతే, పెన్‌డ్రైవ్‌లు గుచ్చకపోతే పీ8600 మీద పాత విండోస్ 7తో ఇంకా ఏళ్లు లాగొచ్చు. నేను ఒప్పుకోని మాట ఒకటే, పాతది కాబట్టి పనికిరాదని. నా దగ్గర టీ400 ఇప్పటికీ రోజూ నడుస్తోంది. టీ400లో ప్రాసెసర్ సాకెట్లో ఉంటుంది. నేను పీ8600 తీసి టీ9600 వేశా, 2.8 గిగాహెర్ట్జ్, 6 ఎంబీ క్యాష్. జే1900ని బోర్డుకి సోల్డర్ చేసేస్తారు. పోతే బోర్డంతా పోయినట్టే. బాగుచేసుకోగలిగిన వస్తువుకి ఉన్న విలువ వేరు.


డల్లాస్_బాబాయ్ | డల్లాస్ | ఆదివారం మధ్యాహ్నం 12:41

బ్రౌజర్ తెరవకూడదంటే వాట్సాప్ వెబ్, యూట్యూబ్ ఎలా? వాళ్ల నాన్నగారి పాటలు మీరు పాడతారా?


కడపోడు | కడప | ఆదివారం మధ్యాహ్నం 12:43

సిలికాన్ సార్ గొంతు బాగుంటుందేమో, మనకేం తెల్సు.


పాత_సిలికాన్ | హైదరాబాద్ | ఆదివారం మధ్యాహ్నం 1:02

ఓడిపోయా. పాటల దగ్గర ఓడిపోయా.

యూట్యూబ్ మాట నిజంగానే ముఖ్యం. రెండిట్లోనూ వీపీ9, ఏవీ1 అనే వీడియో ఫార్మాట్లను విప్పే హార్డ్‌వేర్ లేదు. యూట్యూబ్ ఆ ఫార్మాట్లో పంపితే భారమంతా కోర్ల మీద పడుతుంది. వీడియో విప్పడం నాలుగు కోర్లకూ పంచుకోగలిగిన పని, కాబట్టి ఇక్కడ నలుగురు కుర్రాళ్లే నయం. హెచ్.264 అనే పాత ఫార్మాట్లోనే పంపమని చెప్పే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ ఒకటి పెడితే జే1900 గ్రాఫిక్స్ ఆ పని తన మీద వేసుకుంటుంది, కోర్లు ఊపిరి పీల్చుకుంటాయి. జీఎం45 గ్రాఫిక్స్‌కి కూడా హెచ్.264 వచ్చు కానీ విండోస్ 10 కోసం ఇంటెల్ దానికి ప్రత్యేకంగా డ్రైవర్ చేయలేదు. పాత డ్రైవర్‌తోనే నెట్టుకురావాలి.


సాంబ_సర్వీస్ | గుంటూరు | ఆదివారం సాయంత్రం 4:20

అందరూ పాటల్లో పడి కాటా సంగతి మర్చిపోయారు. తమ్ముడూ, నీ కాటాకి సీరియల్ కేబుల్ అన్నావు కదా. టీ400కి ఆ పోర్టు లేదు. యూఎస్‌బీ కన్వర్టర్ కేబుల్ కొనాలి. వందా రెండొందలకి దొరికే చౌక కేబుళ్లతో ఒక తలనొప్పి ఉంటుంది. లోపలి చిప్పుకి సొంత సీరియల్ నంబర్ ఉండదు. ఊడ్చేటప్పుడు ఎవరో కేబుల్ లాగి, పక్క యూఎస్‌బీలో గుచ్చుతారు. విండోస్ దాన్ని కొత్త వస్తువనుకుని కామ్ 3 కాస్తా కామ్ 5 చేస్తుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం కామ్ 3 దగ్గరే బరువు కోసం ఎదురుచూస్తుంది. కొట్టు నిండా జనం, కాటా మీద కందిపప్పు, తెర మీద సున్నా. ఈ ఫోన్లు నాకు పండగ రోజుల్లోనే వస్తాయి.

థింక్‌ప్యాడ్ అడ్వాన్స్‌డ్ మినీ డాక్ దొరికితే దాంట్లో అసలు సీరియల్ పోర్టు ఉంటుంది. కానీ ఇప్పుడు వెతికి పట్టుకోవడం కష్టం.

డబ్బాకి బోర్డు మీదే నాలుగు కామ్ పోర్టులున్నాయి. స్క్రూ బిగిస్తే ఎవరు లాగినా ఊడదు, నంబరు మారదు. ఫ్యాక్టరీల వాళ్లు ఈ డబ్బాలు కొనేది ఇందుకే.


గూడెం_గోపి | ఆదివారం సాయంత్రం 5:05

సాంబ అన్నా, దండాలు. పాత డెస్క్‌టాప్‌కి సీరియల్ పోర్టు ఉండేది కాబట్టి ఈ గొడవ నాకు తట్టనే లేదు. రేపు రాజమండ్రి వెళ్తున్నా. డబ్బాలో ఏమేం చూసుకోవాలి?

ఇంకోటి, మా వీధిలో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. ల్యాప్‌టాప్‌కి కొత్త బ్యాటరీ వేస్తే యూపీఎస్ అక్కర్లేదు కదా అని కూడా ఉంది మనసులో.


లక్ష్మి_నెట్‌వర్క్స్ | విశాఖపట్నం | ఆదివారం సాయంత్రం 6:12

ఇలాంటి డబ్బాలు చాలావరకు 12 వోల్టుల ఎడాప్టర్‌తో నడుస్తాయి. వైఫై రూటర్‌కి పెట్టే చిన్న 12 వోల్టుల యూపీఎస్ దానికీ సరిపోవచ్చు. కొనేముందు ఎడాప్టర్ మీద ఎన్ని ఆంపియర్లో, యూపీఎస్ ఎన్ని ఇస్తుందో చూసుకోండి. పిన్ సైజు కూడా.


కడపోడు | కడప | ఆదివారం సాయంత్రం 6:20

డబ్బా ఆన్‌లో ఉంటాది సరే, మానిటర్, ప్రింటర్ ఆగిపోతే బిల్లు నోటితో చెప్తారా?


లక్ష్మి_నెట్‌వర్క్స్ | విశాఖపట్నం | ఆదివారం సాయంత్రం 6:26

చెప్పరు. బిల్లు మధ్యలో డేటాబేస్ పాడవకుండా ఉంటుంది, అది చాలు. కొట్టుకి ఇన్వర్టర్ ఉంటే అసలీ చర్చే అక్కర్లేదు.


పాత_సిలికాన్ | హైదరాబాద్ | ఆదివారం రాత్రి 8:50

కొనేముందు ఒక సంగతి తెలిసి ఉండాలి. 2017లో ఇంటెల్ అటామ్ సీ2000 సర్వర్ చిప్పుల్లో ఒక లోపం ఉందని బయటపెట్టింది. బయోస్ (మెషీన్ లేవగానే నడిచే ప్రోగ్రాం) చిప్పు లాంటివి తగిలించుకునే ఎల్‌పీసీ అనే బస్ గడియార సర్క్యూట్ ఏళ్ల వాడకంతో అరిగిపోయి, ఒకరోజు మెషీన్ బూట్ కాకుండా పోవచ్చని. తర్వాత బే ట్రెయిల్ కుటుంబానికి కూడా అలాంటిదే ఉందని ఒప్పుకుంది, జే1900 కూడా అందులో ఉంది. లోపం సవరించిన చిప్పు వెర్షన్ (స్టెప్పింగ్) తర్వాత వచ్చింది. రాత్రింబవళ్లు నడిచిన మెషీన్లకే ఈ ముప్పు ఎక్కువ. ఫ్యాక్టరీలో తీసేసిన డబ్బా అంటే సరిగ్గా అలాంటిదే.

కొనొద్దని కాదు. 3,000 కంటే ఎక్కువ పెట్టొద్దని. పదిసార్లు పూర్తిగా ఆపి, ప్లగ్ పీకి, మళ్లీ ఆన్ చేసి చూడండి. ప్రతిసారీ మారాం చేయకుండా లేస్తే తెచ్చుకోండి. ఎస్ఎస్‌డీ ఆరోగ్యం స్మార్ట్ రిపోర్టులో చూడండి. ఆ 64 జీబీని ఎన్నిసార్లు రాసి చెరిపారో ఎవరికి తెలుసు.

విండోస్ 7 ఎక్కించేవాళ్లకి చిన్న మాట: ఇన్‌స్టాలర్‌కి యూఎస్‌బీ 3 డ్రైవర్ ఉండదు, కీబోర్డు, మౌస్ పలకవు. బయోస్‌లో ఎక్స్‌హెచ్‌సీఐ (యూఎస్‌బీ 3) సెట్టింగ్ ఆపేస్తే పలుకుతాయి. గోపి గారికి ఇది అక్కర్లేదు, విండోస్ 10 పెట్టుకోండి. ఎంబెడెడ్ పెట్టెల కోసం ఉన్న ఐఓటీ ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ 2021 అనే విండోస్ 10కి 2032 జనవరి దాకా అప్‌డేట్లు వస్తాయి. డబ్బా మీద ఆ లైసెన్స్ స్టిక్కర్ ఉందేమో చూడండి, ఉంటే అదృష్టం.


గూడెం_గోపి | తాడేపల్లిగూడెం | గురువారం రాత్రి 10:48

అప్‌డేట్ ఇస్తున్నా, ఆలస్యానికి సారీ.

డబ్బా తెచ్చా, 2,800కి. పదిసార్లు ప్లగ్ పీకి పెడుతుంటే అమ్మేవాడు "ఏంటి సార్, చెడగొడదామనా?" అన్నాడు. పదిసార్లూ లేచింది. స్టిక్కర్ ఉంది, కానీ పాత విండోస్ ఎంబెడెడ్ 7ది. అంత అదృష్టం లేదు. ర్యామ్ ఒకే కడ్డీ. రెండో స్లాటు ఖాళీగా ఉంది, తర్వాత చూస్తా.

రెండిట్లోనూ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి పక్కపక్కన పెట్టి చూశా. సిలికాన్ గారన్నట్టే జరిగింది. ఏడాది స్టాకు రిపోర్టు అడిగితే టీ400 ముందు ఇచ్చేసింది, డబ్బా ఇంకా ఆలోచిస్తూ ఉంది. బిల్లు కొట్టడంలో మాత్రం నాకు తేడా కనపడలేదు. ఆ రిపోర్టు నాన్న ఏడాదికి ఒకసారి అడుగుతారు, అది కూడా ఆడిటర్ తిడితే.

కౌంటర్ మీద డబ్బానే పెట్టా. నాన్నకి ఒకటే కంప్లైంట్. మోత లేదు. పొద్దున్నే వచ్చి స్విచ్ వేసి, ఆన్ అయిందో లేదో తెలియక మళ్లీ నొక్కేస్తున్నారు, అది కాస్తా ఆగిపోతోంది. పవర్ బటన్ నొక్కితే ఏమీ చేయొద్దని విండోస్‌లో సెట్టింగ్ మార్చా.

ఒక సమస్య మిగిలింది. కాటా కామ్ 1లో పెడితే బరువు బాగానే వస్తోంది. కామ్ 2లో బార్‌కోడ్ రీడర్ ఉంది, అది కూడా సీరియల్‌దే, పాతది. ఖాళీగా ఉన్న కామ్ 3లోకి కాటాని మారుద్దామా అనుకుంటున్నా, కేబుల్ అటు దగ్గర. ఏమైనా ఇబ్బందా?


లక్ష్మి_నెట్‌వర్క్స్ | విశాఖపట్నం | గురువారం రాత్రి 11:03

ఆగండి! మార్చే ముందు డబ్బా విప్పి చూడండి. ఫ్యాక్టరీ బోర్డుల్లో చాలావరకు కామ్ పోర్టుల దగ్గర చిన్న జంపర్ (పిన్నులను కలిపే తొడుగు) ఉంటుంది. తొమ్మిదో పిన్నులో మామూలుగా రింగ్ సిగ్నల్ వెళ్లాలి. జంపర్ మారిస్తే అదే పిన్నులోంచి 5 వోల్టులో, 12 వోల్టులో కరెంటు బయటికి వస్తుంది. స్కానర్ల లాంటివాటికి వేరే ఎడాప్టర్ అక్కర్లేకుండా అలా ఇస్తారు. మీ కాటా వైపు ఆ పిన్నుకి ఏం తగిలించారో మనకి తెలియదు.


సాంబ_సర్వీస్ | గుంటూరు | గురువారం రాత్రి 11:09

లక్ష్మమ్మ చెప్పింది వంద శాతం కరెక్ట్. మీటర్ ఉంటే తొమ్మిదో పిన్నుకీ ఐదో పిన్నుకీ మధ్య వోల్టేజీ చూడు, ఐదోది గ్రౌండ్. మీటర్ లేకపోతే ముట్టుకోకు.


గూడెం_గోపి | తాడేపల్లిగూడెం | శుక్రవారం ఉదయం 7:30

పక్క కొట్టు ఎలక్ట్రీషియన్ దగ్గర మీటర్ తెచ్చి చూశా. కామ్ 1లో ఏమీ లేదు. కామ్ 2లో 5 వోల్టులు, బార్‌కోడ్ రీడర్ ఎడాప్టర్ లేకుండా ఎలా వెలుగుతోందో ఇప్పుడు అర్థమైంది. కామ్ 3లో 12 వోల్టులు.

కాటా కామ్ 1లోనే ఉంటుంది. కేబుల్ అటు తిప్పి గోడకి క్లిప్పులు కొట్టేశా. కామ్ 3 మీద ఇన్సులేషన్ టేపు వేసి, పైన మార్కర్‌తో "ముట్టుకోవద్దు" అని నాన్నే రాశారు.


కడపోడు | కడప | శుక్రవారం ఉదయం 7:41

టీ400ని ఏం జేస్తున్నావు? ఊరికే పడుంటే కడపకు పంపు. ఆ ఇద్దరు గుమాస్తాలకు నేను పని చూపిస్తా.


గూడెం_గోపి | తాడేపల్లిగూడెం | శుక్రవారం ఉదయం 7:55

లేట్ చేశావు. అన్నయ్య కూతురు నిన్ననే పట్టుకెళ్లింది, డెబియన్ వేయించుకుని. కీబోర్డు బాగుందట.